వాడికపాల పద్దు

గుంటూరునుండి తెనాలికి పోవు త్రోవలో, ఒకవంక విజ్ఞాన్ విశ్వవిద్యాలయమును మరియొకవంక సంగం డెయిరీని పెట్టుకొని, చదువులకును పాలకును సమానముగ పేరు మోసిన మా వడ్లమూడిలో, కంప్యూటరు తెలియని మానవుడు కంటబడుట దుర్లభమగుచున్న ఈ దినములలో, బడిపంతులుగా పదవీవిరమణము చేసిన నేను వెబ్ యాప్ నిర్మాణమునకు పూనుకొంటినన్న వార్త ఎవరికిని ఆశ్చర్యము కలిగింపలేదు, "ఇంకా మొదలుపెట్టలేదా?" అని మాత్రము కొంద రడిగిరి.

ఇందులకు నిమిత్తము మా అక్కయ్య. ఆమె గేదెలపాలు వీథివారి వాడికలకు పోగా మిగిలినవి పాలకేంద్రమునకు చేరును. ఆ వాడికల పద్దు వంటింటి గోడమీద బొగ్గుగీతలై యుండెడిది: నిలువుగీత అరలీటరు, అడ్డము కొట్టిన లీటరు, సున్న చుట్టిన నాగా. సంక్రాంతికి వెల్లవేయ వచ్చినవాడు డిసెంబరు బాకీలన్నిటిని ఒక్క కుంచెవ్రేటుతో మాఫీ చేసెను. ఏ ప్రభుత్వమును అంత శీఘ్రముగ ఋణమాఫీ చేసి యెరుగదు.

ఆ పద్దును యాప్‌లోనికి ఎక్కించుటకు నేను పట్టిన జావాస్క్రిప్టు భాషను 1995లో బ్రెండన్ ఐక్ పదిదినములలో సృష్టించెనందురు; ఆ తొందర యెందులకో తెలియదు గాని దాని ఫలము మాత్రము నేటికిని అందరము అనుభవించుచున్నాము. ఆ భాషలో, ఫేస్‌బుక్కునందలి జోర్డన్ వాక్ రచింపగా 2013 మే మాసమున లోకమునకు వెల్లడియైన రియాక్టు అను లైబ్రరీ యొక్క మతమేమనగా: తెరను కాంపోనెంటులుగా విభజింపవలెను, సమాచారము పైనుండి క్రిందికే దిగవలెను, మారుచుండు విషయమును స్టేటు అనవలెను, అది మారినప్పుడెల్ల తెరను తిరిగి దిద్దుట లైబ్రరీ పని, మన మందు వ్రేలు పెట్టరాదు. కావున వాడిక ఇల్లొక్కొక్కటియు ఒక కాంపోనెంటాయెను. మొత్తము పాలెన్నో తెలియవలెనన్న, ఇంటింటి లెక్కను పిల్ల కాంపోనెంటులయొద్ద నుంచక తల్లి కాంపోనెంటునకు అప్పగింపవలెనని నేను గంభీరముగ వివరించుచుండగా, అక్కయ్య జీలకర్ర చెరుగుట మానకయే, "లెక్క పెద్దవాళ్ళ దగ్గరే ఉండాల్రా. పిల్లల చేతికిస్తే మిగుల్తుందా?" అనెను. పుస్తకములు ఈ సంగతికి ఒక అధ్యాయము కేటాయించును.

జాబితాలోని ప్రతి యింటికిని వేరు వేరు 'కీ' ఉండితీరవలెనని రియాక్టు పట్టుదల. పేరునే కీగా నిత్తమన్న ఆ వీథిలో వేంకటేశ్వరరావులు ముగ్గురు. ఎర్రయక్షరముల హెచ్చరిక తప్పదు. వరుసలోని స్థానమునే కీగా నిచ్చినచో లైబ్రరీ నోరు మూసికొనును గాని, మొదటియింటివారు వాడిక మానుకొన్ననాడు వారి గడిలో వ్రాసి ఇంకను తల్లికి అప్పగింపని రెండు లీటర్లు రెండవయింటివారి నెత్తిన పడును. "మిద్దె వెంకటేశ్వర్రావు, వేపచెట్టు వెంకటేశ్వర్రావు, అప్పు వెంకటేశ్వర్రావు," అని అక్కయ్య మూడు కీలను ఒక్క గ్రుక్కలో ఇచ్చెను. మూడవదానిని మాత్రము తెరమీద కనబడనీయలేదు.

అసలు రసాభాస కూడికలో జరిగెను. ఒకయింటివారు కాఫీకి చాలక వంద మిల్లీలీటర్లును, వేరొకరు రెండువందలును అదనముగ పోయించుకొనగా, యాప్ ఆ రెంటిని కూడి 0.30000000000000004 లీటర్లని ప్రకటించెను. అక్కయ్య కళ్ళజోడు సవరించుకొని, సున్నలను వ్రేలితో ఒక్కొక్కటిగా దాటి, చివర ఆగెను.

"ఆ నాలుగు చుక్కల నీళ్ళు ఎవరు కలిపార్రా?"

కంప్యూటరునకు తెలిసినవి సున్నయు ఒకటియు మాత్రమే గనుక, మనకు మూడవవంతు దశాంశములలో తెమలనట్లే, పదియవవంతు దాని లెక్కలో ఎన్నటికిని తెమలదనియు, ఇది 1985 నాటి ప్రమాణము ననుసరించియే జరుగుచున్నదనియు విన్నవించితిని. "ఏ ప్రమాణమైతే నాకేం? మన పాలల్లో నీళ్ళున్నాయని ఫోనే చెప్తుంటే, ఇంక డబ్బెవరిస్తారు?" అని ఆమె కంటతడి పెట్టుకొనెను. అంతట లీటర్లను విసర్జించి, లెక్కనంతయు మిల్లీలీటర్ల పూర్ణాంకములలో దాచి, చూపునప్పుడు మాత్రము వేయిచేత భాగించి, ఆ కుటుంబగౌరవమును నిలిపితిని.

కాంపోనెంటు యొక్క ఘనత మరల మరల వాడుకొనుటయందున్నదని శాస్త్రము. ఆ ఘనత నిరూపించుటకు వీథిమొగ ఇస్త్రీబండి అతడు తనకును అట్టి యాప్ కావలెనని వచ్చెను. నాగాయు, నెలసరి బాకీయు అతనికిని ఉన్నవే గనుక, పైనుండి దిగు పేరును 'పాలు' నుండి 'చొక్కాలు'గా మార్చి ఆ పూటయే చేతికిచ్చితిని. లీటర్లను మాట మాత్రము పైనుండి దిగునది కాదు. కాంపోనెంటు గర్భముననే కాపురమున్నది. మరునాటి యుదయమున అతడు ఫోను పట్టుకొని మా అరుగు చెంత వినయముగా నిలువబడి, "పంతులుగారూ, మిద్దె వెంకటేశ్వర్రావుగారివి పన్నెండు లీటర్ల చొక్కాలంటండి. లీటరుకెంత తీసుకోమంటారు?" అని యడిగెను.