కొత్తలో కరిచాను, నిజమే

మనిషి కాలు తగలకముందే నాకొక కాలు తెలుసు. దానికి చెమట పట్టదు, సాయంత్రానికి వాయదు, చిటికెన వేలు పక్కకి పొడుచుకు రాదు. అమెరికా ఈశాన్యాన మెయిన్ రాష్ట్రంలో లూయిస్టన్ అని పాత మిల్లుల ఊరుంది. అక్కడ నన్ను కుట్టినాయన బల్ల మీద ఉండే అచ్చు అది. తోలును తడిపి, మెత్తబడ్డాక ఆ అచ్చు మీదికి బలంగా లాగి, చిన్న మేకులతో బిగించాడు. పాదం మీదికొచ్చే ముక్కను పైన పరిచి, మైనం పట్టించిన దారం రెండు కొసలకీ రెండు సూదులు తొడిగి, చుట్టూ కుచ్చిళ్ళు వచ్చేలా కుట్టుకుంటూ పోయాడు. కుట్టుకుట్టుకీ రెండు చేతులూ బార్లా చాపి దారం గుంజేవాడు. ఆ పనయ్యాక అచ్చు మీదనే ఆరబెట్టారు. తడిసిన తోలు దేని మీద ఆరితే దాని ఆకారం పట్టుకుంటుంది. ముందుముందు నాకు జరిగిన మంచీ చెడూ అంతా ఈ ఒక్క సంగతి చుట్టూనే తిరిగింది.

నేను బోటు షూని. జతలో ఎడమదాన్ని. కంపెనీ పేరు చెప్పను, చెప్తే ఇదేదో ప్రకటన అనుకుంటారు.

మా వంశంలో ఒక కథ చెప్పుకుంటారు. పాల్ స్పెర్రీ అని కనెక్టికట్ రాష్ట్రపు మనిషి, పడవలంటే పిచ్చి. ఒకసారి తడి డెక్కు మీద కాలు జారి నీళ్ళలో పడ్డాడట. అప్పట్నుంచి జారని జోడు కోసం వెతుకులాట మొదలుపెట్టాడు. ఓ చలికాలం ఆయన పెంపుడు కుక్క ప్రిన్స్ గడ్డకట్టిన నేల మీద తూలకుండా పరిగెత్తడం చూసి, దాన్ని పట్టుకుని అరికాలు తిప్పి చూస్తే సన్నసన్న చీలికలు కనిపించాయి. రబ్బరు ముక్క తీసుకుని చాకుతో మెలికలు మెలికలుగా గాట్లు పెట్టాడు. అలా 1935లో మా జాతి పుట్టింది. 1939 నాటికి అమెరికా నౌకాదళం తన నావికులకి మమ్మల్ని తొడిగింది. ఈ కథలో కుక్కకి దక్కాల్సిన పేరు కుక్కకి దక్కలేదని నా అభిప్రాయం.

ఆ గాట్లు నాకూ ఉన్నాయి. బరువు పడి సోలు వంగినప్పుడు అవి తెరుచుకుంటాయి. వాటి అంచులు తడి చెక్కని పట్టుకుంటాయి, నీరు సందుల్లోకి తప్పుకుంటుంది. సోలు తెల్లగా ఉండడం కూడా సోకు కోసం కాదు. నల్ల రబ్బరులో మసి కలుస్తుంది, అది డెక్కు మీద చారలు వేస్తుంది. పడవ యజమానులకి డెక్కు మీద చార పడితే సొంత ఒంటి మీద వాత పడ్డంత బాధ.

ఇక మావాడి సంగతి. కాకినాడలో పుట్టి పెరిగాడు, బోస్టన్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. చిన్నప్పుడు జగన్నాథపురం వంతెన మీద నిలబడి కింద కట్టేసిన వేట పడవల్ని చూడడమేగానీ ఎక్కినవాడు కాదు. ఆ పడవల మీద మనుషులు ఒట్టికాళ్ళతోనే తిరుగుతారు, మా అవసరం వాళ్ళకి లేదు. తెరచాప పట్టుకోవాలన్న సరదా మావాడికి ఇక్కడికొచ్చాక పుట్టింది. చార్లెస్ నది ఒడ్డున 1946 నుంచి మామూలు జనానికి పడవ నడపడం నేర్పే కమ్యూనిటీ బోటింగ్ అనే సంస్థ ఉంది. అందులో చేరి, జారని జోడు కావాలని కొట్టుకొచ్చాడు.

కొట్టతను ముసలాయన, పని తెలిసినవాడు. ఇనప పలక మీద రెండు కాళ్ళూ నిలబెట్టి కొలిచాడు. ఎడమ పాదం కుడిదానికంటే కాస్త పెద్దదని తేలింది. చాలామందికి ఇలా తేడా ఉంటుంది. నా వాటాకి ఆ పెద్ద పాదమే వచ్చింది. "పక్కలకి బిగుతుగా ఉంటే ఫర్వాలేదు, సాగుతుంది. పొడవు మాత్రం సాగదు. బొటనవేలు ముందు తగలకూడదు, మడమ వెనక లేవకూడదు" అన్నాడు ఆయన. మావాడు తలూపాడు. తలూపడం మనవాళ్ళకి బాగా వచ్చు.

మర్నాడే సాక్సు లేకుండా నన్ను తొడుక్కుని ఆఫీసుకెళ్ళాడు. సాయంత్రం అదే ఊపులో నదిగట్టు వెంట నడక. ఇల్లు చేరేసరికి మడమ వెనక రూపాయి బిళ్ళంత బొబ్బ. కొత్త జోడుని పండక్కి తొడుక్కున్నట్టు తొడుక్కుని రోజంతా తిరగడం ఏ ఊళ్ళోనైనా జరిగేదే. కాని నింద మాత్రం ఎప్పుడూ మా మీదికే వస్తుంది. "దిక్కుమాలిన చెప్పులు, కరుస్తున్నాయి" అని మూలకి విసిరాడు.

కరవడమంటే ఏమిటో నా వైపు నుంచి చెప్తాను. నా వెనక భాగంలో, తోలు పొరల మధ్య మడమ నిలబడడానికి బిరుసు ముక్క ఒకటి పెట్టి కుట్టారు. అది అచ్చు మడమకి సరిపోయేలా ఆరింది. మావాడి మడమ ఎముక కొంచెం పైకి, కొంచెం బయటికి. అడుగు తీసినప్పుడల్లా లోపల ఎముక కదులుతుంది. చెమటకి పైచర్మం నాకు అంటుకుని ఉన్నచోటే ఉండిపోతుంది. మధ్యనున్న చర్మపు పొరలు ఆ లాగుడికి విడిపోతాయి, ఆ సందులోకి నీరు చేరుతుంది. బొబ్బంటే అదే. పైపైన గీసుకుపోవడం వేరు, ఇది వేరు. అందుకే నొప్పెట్టగానే మావాడు చేసిన పని బొబ్బని ఇంకా పెంచింది. లేసు వదులు చేశాడు.

మా లేసు మామూలు బూటు లేసు కాదు, తోలు తాడు. ముందున్న కన్నాల్లోంచి బయల్దేరి, అంచు వెంబడి పక్క కన్నాల్లో దూరి బయటికొస్తూ, మడమ వెనక నుంచి చుట్టి మళ్ళీ ముందుకొస్తుంది. ఈ రోజుల్లో కొన్ని జోళ్ళకి అది అలంకారం మాత్రమే, లాగితే కదలదు. నాది కదులుతుంది. పక్కన కనిపించే తాడుని వేలితో పైకి లాగి, ఆ వదులంతా ముందుకి తెచ్చి ముడేస్తే, అంచు మొత్తం మడమని చుట్టి పట్టుకుంటుంది. మడమ ఆడకపోతే లాగుడు లేదు, లాగుడు లేకపోతే బొబ్బ లేదు. వదులు చేస్తే మడమ లోపల పైకీ కిందకీ ఆడుతుంది. కరుస్తోందని తాళ్ళు వదిలేసేవాళ్ళని చూస్తే నాకు నవ్వూ ఏడుపూ ఒక్కసారే వస్తాయి. ఈ సంగతి మావాడికి పడవ నేర్పే కుర్రాడు చూపించేదాకా తెలియలేదు. తోలు తాడు ముడి ఊడిపోకుండా కాస్త తడిపి ముడేయమని కూడా అతనే చెప్పాడు.

ఈలోగా ఆఫీసులో తలా ఒక చిట్కా. ఒకరు చెప్పారని ప్లాస్టిక్ సంచిలో నీళ్ళు పోసి నాలో కుక్కి, డీప్ ఫ్రీజర్‌లో పెట్టాడు. నీరు గడ్డకడితే దాదాపు నూటికి తొమ్మిది వంతులు ఉబ్బుతుంది, ఆ ఉబ్బు తోలుని సాగదీస్తుందని లెక్క. లెక్క తప్పు కాదు. పొద్దున్నే ఇడ్లీపిండి డబ్బా కోసం తలుపు తీసిన వాళ్ళావిడ, "ఏమండీ! బఠాణీల పక్కన చెప్పులేంటండీ!" అని అరిచిన అరుపుకి నాలోని ఐసు పగిలిందేమో అనుకున్నాను. నేను సాగాను. అయితే ఐసుకి వీలున్నచోట సాగాను. వేళ్ళ దగ్గర ఉబ్బాను, మడమ దగ్గర ఎక్కడిదాన్ని అక్కడే. ఐసుకి మడమ ఉండదు కదా.

తర్వాత జుట్టు ఆరబెట్టుకునే డ్రయ్యర్. మందం సాక్సులు వేసుకుని, నన్ను తొడుక్కుని, వేడిగాలి కొట్టాడు. తోలు వేడికి లొంగే మాట నిజమే. మావాడు మరీ దగ్గర పెట్టి మరీ ఎక్కువసేపు కొట్టేసరికి, పీచుల మధ్య కందెనగా ఉన్న నూనె ఆరిపోయి మడమ దగ్గర తోలు పొడిబారింది. మునుపటికన్నా బిరుసెక్కాను.

ఆ వేసవికే కాకినాడ నుంచి వాళ్ళమ్మగారు వచ్చారు.

"ఏంట్రా, అలా కుంటుతున్నావు?"

"కొత్త చెప్పులమ్మా, కరుస్తున్నాయి."

"ఆముదం రాయలేదూ?"

ఆవిడ చిన్నతనంలో వాళ్ళ నాన్నగారికి ఊళ్ళోనే చెప్పులు కుట్టి ఇచ్చేవారట. తంగేడు చెక్కతో పదును పెట్టిన తోలు. కొత్తవి రాగానే రాత్రి ఆముదం పట్టించి గోడవార నిలబెడితే, తెల్లారేసరికి తాగేసేవట. ఆయన వీధి మొదట్లో ఉండగానే కిర్రుకిర్రుమని చప్పుడు వినిపించేదని, ఆ చప్పుడుకే పిల్లలు పుస్తకాలు తీసేవారని చెబుతూ ఆవిడ నన్ను చేతిలోకి తీసుకుంది. నా గుండె జారింది. ఎందుకంటే ఆ తోలు జాతి వేరు, నా జాతి వేరు. చెక్కలతో, కాయలతో పదునుపెట్టిన తోలు ఆరితే నూనె అడుగుతుంది. నన్ను పదునుపెట్టింది క్రోమియం లవణాలతో. అమెరికాలో అగస్టస్ షుల్జ్ 1884లో ఆ పద్ధతికి పేటెంటు తీసుకున్నాక తోలు పరిశ్రమ నడకే మారిపోయింది. పైగా నీళ్ళకి ఓర్చుకోవాలని పుట్టినప్పుడే నాకు నూనె దండిగా పట్టించారు. రాత్రంతా ఆముదంలో ఉంచితే అచ్చునీ మర్చిపోతాను, కాలినీ పట్టుకోలేను. రెండు నెలల్లో వేలాడిపోతాను.

ఆవిడ సీసా వంచలేదు. బొటనవేలితో నన్ను అక్కడక్కడా నొక్కి చూసింది. ముందు భాగం వంచింది, పక్కలు వంచింది, మడమ దగ్గరకొచ్చి ఆగింది. "దీనికి నూనె బాగానే ఉందిరా. ఇదిగో, ఇక్కడే ఎండగొట్టావు" అని, వేలికి అంటీ అంటనట్టు ఆముదం తీసుకుని ఆ మడమ అంచుకి మాత్రమే రాసింది. రాసి వదలలేదు. బొటనవేలు లోపల, చూపుడు వేలు బయట పెట్టి, చోటు వెచ్చబడేదాకా పిసికింది. లోపలికి వంచి, బయటికి వంచి, మళ్ళీ పిసికింది. టీవీలో సీరియలు అయ్యేదాకా నేను ఆవిడ చేతిలోనే ఉన్నాను. తోలు అంటే పీచుల అల్లిక. ఆ పీచులు ఒకదానికొకటి అతుక్కుపోతే బిరుసు, ఒకదాని మీద ఒకటి జారితే మెత్తన. ఈ ముక్క ఆవిడకి ఎవరూ చెప్పి ఉండరు, చెప్పాల్సిన అవసరమూ లేదు.

"ఇంక రోజూ కాసేపు వేసుకుని తిరుగు. ఒకేసారి ఊరంతా తిరక్కు" అంది.

"ఇంట్లో తిరుగుతాలే."

"ఇంట్లో చెప్పులా! కాళ్ళు విరగ్గొడతాను."

కొత్త జోడుని ముందు ఇంట్లో గంటా అరగంటా వేసుకు తిరగడం ఈ దేశంలో అందరూ చెప్పే సలహా. మన ఇళ్ళలో కుదిరేది కాదు. చివరికి రాజీ ఇంటి వెనక కుదిరింది. ఈ దేశపు ఇళ్ళకి పెరటి వైపు చెక్కలతో వేసిన వరండా ఉంటుంది, దాన్నీ డెక్కనే అంటారు. అలా నేను ఎక్కిన మొదటి డెక్కు మీద తులసి కుండీ, ఆరేసిన వడియాలు ఉన్నాయి. మావాడు సాయంత్రం ఫోను మీటింగులన్నీ అక్కడే అటూ ఇటూ నడుస్తూ కానిచ్చేవాడు. ముందుజాగ్రత్తగా మడమకి పల్చటి కాగితపు టేపు అంటించేవాడు. స్టాన్‌ఫర్డ్ వైద్యులు 2016లో ప్రచురించిన పరిశోధనలో, దూరాలు పరిగెత్తేవాళ్ళకి ఈ చవక టేపు బొబ్బల్ని బాగా తగ్గించిందని తేలింది. బొబ్బ వచ్చాక వేస్తే మాత్రం టేపుతోబాటు చర్మం ఊడొస్తుంది. ఒకరోజు వేసుకుంటే ఒకరోజు నన్ను వదిలేసేవాడు. లోపల దిగిన చెమట ఆరడానికి ఆ పాటి వ్యవధి కావాలి.

అసలు పని మాత్రం నదిలోనే జరిగింది. ఆ రోజు గాలి ఎక్కువ. పడవ ఒక పక్కకి ఒరిగి అంచు మీదుగా నీళ్ళు లోపలికి కొట్టాయి. నేను నిలువునా తడిసిపోయాను. ఒకప్పుడు ఈ నదిలోకి సముద్రం పోటు వచ్చేది. 1910లో ఆనకట్ట పూర్తయ్యాక ఇది మంచినీటి మడుగైంది. అది నా అదృష్టం. మావాడు ఒడ్డుకి రాగానే నన్ను విప్పబోయాడు. పడవ నేర్పే కుర్రాడు వద్దన్నాడు. "ఆరేదాకా విప్పకు. అలాగే నడువు" అన్నాడు. పాత నావికుల పద్ధతట.

లూయిస్టన్ బల్ల మీద జరిగిందే మళ్ళీ జరిగింది. తడిశాను, మెత్తబడ్డాను, ఒకదాని మీద ఆరాను. ఈసారి లోపలున్నది అచ్చు కాదు. వెచ్చగా ఉంది, కదులుతోంది, వాచి ఉంది. చిటికెన వేలి దగ్గర ఒక ఎముక నన్ను బయటికి తోసింది, తొయ్యనిచ్చాను. మడమ వెనక ముక్క కొంచెం పైకి, కొంచెం బయటికి జరిగింది. లోపలి అట్ట మీద ఐదు వేళ్ళకీ ఐదు గుంటలు పడ్డాయి. అడుగు అడుగుకీ వంపు ఎక్కడ రావాలో అక్కడే వచ్చి, ముందు భాగంలో ఒకే ఒక అడ్డ ముడత నిలిచింది. ఇంటికి చేరేసరికి అంచులు ఆరాయి, మధ్య ఇంకా చెమ్మగానే ఉంది. హీటరు పక్కన పెట్టకుండా, పాత పేపర్లు లోపల కుక్కి నీడన వదిలేశారు. అమ్మగారి హుకుం.

తర్వాత మార్బుల్‌హెడ్ రేవులో ఉప్పునీళ్ళు తాగాను. ఉప్పు ఆరితే తోలు మీద తెల్లచారలు గీస్తుంది, బిరుసెక్కిస్తుంది. ఇంటికి రాగానే పంపు కింద కడిగితే సరిపోతుంది. మావాడు ఒక్కోసారి బద్ధకిస్తాడు. ఆ మర్నాడు నేనూ కొంచెం మొండికేస్తాను.

మొన్నామధ్య న్యూజెర్సీ నుంచి వాళ్ళ బావమరిది వచ్చాడు. ఇద్దరిదీ ఒకటే సైజు. గుమ్మం పక్కన నన్ను చూసి, "బావా, భలే మెత్తగా అయ్యాయే! పాలకి వెళ్ళొస్తా, ఓసారి వేసుకుంటాను" అని సమాధానం కోసం ఆగకుండా తొడుక్కుపోయాడు. అతని పాదం సన్నం, వేళ్ళు పొడుగు. నా గుంటల్లో అతని వేళ్ళు ఒక్కటీ పడలేదు. మడమ నేను పైకంటే అది కిందికంది. వీధి మలుపు తిరక్కముందే నడక మారింది. తిరిగొచ్చి పాల డబ్బా కింద పెట్టి, మెట్ల మీద కూలబడి మడమ పట్టుకున్నాడు.

"ఏంటి బావా, ఇవి ఇంకా కరుస్తున్నాయి?"

మావాడు పేపర్లోంచి తలెత్తలేదు.

"ఇంట్లోవాళ్ళని కరవవురా."