డబ్బా మార్చడం కూడా రిపేరేనా?

ఏమోయ్ కుర్రాడా, మొన్న మా వీధి పెళ్లిలో జనరేటరు మొండికేస్తే నువ్వు చేసిందేమిటి? మూత విప్పావు, వోల్టేజిని అదుపు చేసే, అరచేతిలో పట్టే డబ్బా ఏవీఆర్‌ని పీకావు, కొత్తది బిగించావు, బిల్లు పెళ్లికూతురి తండ్రి చేతిలో పెట్టావు. తప్పెక్కడుందో నీకూ తెలీదు, పీకిన డబ్బాకీ తెలీదు. పోనీ విప్పి చూద్దామా అంటే లోపలంతా లక్క పోసినట్టు బిగించేసి ఉంటుంది. దీన్ని రిపేరంటారట!

మా రోజుల్లో పది గుర్రాల డీజిలింజను, దానికి బెల్టు కట్టిన ఆల్టర్నేటరు. బెల్టు జారితే గుగ్గిలం పొడి చల్లేవాళ్లం. వోల్టేజిని కాపలా కాసే డబ్బా ఎక్కడిది? ఒక రియోస్టాటు, దానికో పిడి, పక్కన ముక్కాలిపీట, పీట మీద నేను. లైట్లు మందగిస్తే పిడి ఇటు, మండిపోతుంటే అటు. పందిట్లోంచి ఎవరైనా లడ్డూ తెచ్చిస్తే ఎడంచేత్తోనే తినాలి, కుడిచెయ్యి పిడి మీదే ఉండాలి మరి. నాలుగు పోళ్ల ఆల్టర్నేటరు నిమిషానికి 1,500 చుట్లు తిరిగితేనే 50 హెర్ట్జ్. ఆ వేగం నేను చెవితో చెప్పేవాణ్ణి. ఇప్పుడు ఆ చెవికి మా ఆవిడ పిలుపు కూడా వినపడదనుకో, అది వేరే సంగతి.

సరే, నిజం చెప్పుకోవాలి. ఓ రాత్రి తలంబ్రాల వేళకి నాకు కునుకు పట్టింది. అదే సమయానికి వంటశాల లైట్లన్నీ ఒక్కసారి ఆర్పేశారు. లోడు దిగిపోయింది, వోల్టేజి ఎగిరింది, పందిట్లో బల్బులు తెల్లగా నవ్వి టప్పుటప్పుమన్నాయి. మైకుసెట్టు అబ్బాయి నన్ను వెతుక్కుంటూ వస్తే, నేను అరటితోటలో ఉన్నాను. ఆ కాపలా పని మీ డబ్బా నిద్రపోకుండా చేస్తుందని ఒప్పుకుంటాను. గట్టిగా మాత్రం అనను.

అయినా పీకే ముందు ఒక్క నిమిషం ఆగొద్దూ? మొదట హెర్ట్జ్ చూడు. బరువెక్కి ఇంజను వేగం పడిపోతే చాలా ఏవీఆర్‌లు కావాలనే వోల్టేజి తగ్గిస్తాయి, పాపం ఇంజను కాస్త ఊపిరి తీసుకుంటుందని. అది దాని తెలివి, జబ్బు కాదు. మా ఎరికలో ఒకాయన రెండు ఏవీఆర్‌లు మార్చి మూడోదానికి బయల్దేరితే, నేను డీజిలు ఫిల్టరు విప్పి చూపించాను. అందులో వరి నాటుకోవచ్చు, అంత బురద.

వేగం సరిగ్గానే ఉండి వోల్టేజి అసలు పుట్టకపోతే? నెలల తరబడి షెడ్డులో పడున్న మెషీన్లకి ఒక్కోసారి ఇనుములో మిగిలుండాల్సిన కాస్త అయస్కాంతమూ పోతుంది. అది పాలల్లో తోడు లాంటిదోయ్. తోడు లేకుండా ఎంతసేపు కూర్చున్నా పెరుగు తోడుకోదు. ఇంజను ఆపి, ఏవీఆర్ నుంచి ఫీల్డుకి వెళ్లే రెండు వైర్లూ విప్పి, వాటికి 12 వోల్టుల బ్యాటరీ తగిలించు. ప్లస్సు ప్లస్సుకే సుమా! లోడు లేకుండా ఇంజను నడుపు. చాలా మెషీన్లలో వోల్టేజి దాదాపు పూర్తిగా వచ్చేస్తుంది. వచ్చిందా, ఆల్టర్నేటరు నిక్షేపం. బ్యాటరీ తీసి ఏవీఆర్ మళ్లీ తగిలించి చూడు, తోడు పడింది కనక లేచి కూర్చోవచ్చు. లేవకపోతే అప్పుడు తిట్టు డబ్బాని. బ్యాటరీ పెట్టినా రాకపోతే రోటరు మీద తిరిగే డయోడ్లు చూడు. ఒక్కొక్కటీ ఒకవైపే దారివ్వాలి. రెండువైపులా ఇస్తే షార్టు, ఏవైపూ ఇవ్వకపోతే తెగిందన్నమాట. బ్రష్షులున్న పాత మెషీనైతే బ్రష్షు అరిగిందేమో చూసి, స్లిప్‌రింగుని గ్లాసుపేపరుతో తుడువు. ఎమరీ వద్దు, దాని రజను కరెంటుకి దారిస్తుంది.

ఇంతా చెబితే, “తాతా, ఇవన్నీ చూసేలోపు ముహూర్తం దాటిపోదా?” అంటావు. దాటదు. మా రోజుల్లో ముహూర్తాలు కూడా జనరేటరు కోసం ఆగేవి. ఆగేవనే నాకు గుర్తు.

ఈసారి పెళ్లికి వెళ్లేటప్పుడు కొత్త ఏవీఆర్‌తో పాటు నీ పక్కన ఓ ముక్కాలిపీట కూడా వెయ్యి, వచ్చి కూర్చుంటాను. కునుకు పడితే లేపకు. కాపలాకి నీ డబ్బా ఉందిగా!