గురజాడ సప్లయి కంపెనీ

2025 ఫిబ్రవరి 1, శనివారం నాడు, నిర్మలా సీతారామన్ గారు కేంద్ర బడ్జెట్ ప్రసంగం మొదలుపెట్టిన కాసేపటికే మా ఊరాయన, కవి గురజాడ అప్పారావు పేరు ఎత్తారు. దేశమంటే మట్టి కాదని, మనుషులని ఆయన రాసిన రెండు పాదాలూ తెలుగులోనే చదివారు. ఇక మా విజయనగరంలో ఫోన్లకి ఊపిరాడలేదు. ‘పార్లమెంటులో మన గురజాడ!’ అని ఒకాయన పదిమందికి పంపితే, ఆ పదిమందీ తలో పదిమందికి పంపి, సాయంత్రానికి అది తిరిగి ఆయన దగ్గరికే చేరింది. ఆయన దానికీ దండం బొమ్మ పెట్టాడు.

ప్రసంగం ముందుకు సాగింది. బీహారుకి మఖానా బోర్డు వచ్చింది. బీహారుకి కొత్త విమానాశ్రయాలు వచ్చాయి. కోసీ కాలువకి సాయం వచ్చింది. మనకి పద్యం వచ్చింది. అన్యాయంగా మాట్లాడకూడదు, ఆ ఏటి పద్దుల పుస్తకంలో పోలవరానికి 5,936 కోట్లు ఉన్నాయి. ఆ నీళ్లు రాష్ట్రం చివరనున్న ఇచ్ఛాపురం దాకా పారిన వైనం మా మనవలు పాఠంలో చదువుకుంటారు.

ఆవిడ ఒక్కరినే అని లాభం లేదు. మా జిల్లాల్లో శిలాఫలకం మీద తెర తీసే ప్రతి చెయ్యికీ వెనకాల ఒక నోరుంటుంది, ఆ నోట్లో ఆ రెండు పాదాలుంటాయి. పెళ్లికి షామియానా, కుర్చీలు, వంటపాత్రలు తెచ్చుకున్నట్టు సభకి గురజాడని తెచ్చుకుంటున్నారు. తేడా ఒకటే. షామియానాకి అద్దె కడతారు.

అందుకని నేనే ఒక సప్లయి కంపెనీ పెడదామనుకుంటున్నాను. గంటస్తంభం దగ్గర ఒక గది చూశాను. మైకు, లైటింగు, కుర్చీలు సప్లయి చేసేవాళ్లు ఊరినిండా ఉన్నారు, వాళ్ల పొట్ట కొట్టను. మా దగ్గర వాక్యాలు మాత్రమే అద్దెకి దొరుకుతాయి. ధరల బోర్డు కూడా రాయించాను. స్కూలు వార్షికోత్సవానికి ఉచితం, ఎందుకంటే పిల్లలు గేయం మొత్తం అప్పజెబుతారు, ముక్కలు చేసుకోవడం వాళ్లకింకా రాదు. సన్మాన సభకి వంద. శంకుస్థాపనకి పదివేలు, డిపాజిట్ వేరే. శాసనసభకి లక్ష. పార్లమెంటు రేటు బోర్డు మీద ఉండదు, లోపలికొచ్చి మాట్లాడుకోవాలి.

బోర్డు కింద ఎర్ర రంగుతో ఒక్క షరతు: సెట్టు విడదీసి ఇవ్వబడదు.

వ్యాపారం మూతపడేది ఈ షరతు దగ్గరే అని నాకు తెలుసు. మొదటి రోజే ఎవరో నాయకుడి మనిషి వస్తాడు.

‘బావూ, సారుకి రేపు సభుంది. ఆ మట్టీ మనుషుల ముక్క ఒకటి కట్టు, బేగి ఎల్లాలి.’

‘ముక్కలు ఇవ్వమండి. సెట్టుగా పట్టుకెళ్లాలి.’

‘సెట్టులో ఏటుంది?’

‘మీరడిగిన దానికి ముందు పాదం దానికే కుట్టి ఉంది, చూడండి. సొంత లాభం కాస్త తగ్గించుకుని పక్కవాడికి ఆసరాగా నిలవమంటుంది.’

‘అదొద్దు బావూ. టేజీ మీద కంట్రాక్టర్లు ఉంతారు, నొచ్చుకుంతారు.’

‘పోనీ ఇది చూడండి. దేశాభిమానం నాకుందని గొప్పలు పోకుండా, జనానికి ఒక మేలేదైనా చేసి చూపించమంటుంది.’

‘సూపించడానికే కదా బావూ టైము నేనిది.’

‘అన్నిటికంటే పైన మొదటి చరణం. ఊసుపోక కబుర్లు ఆపమని.’

‘అది మరీ ఒద్దు. అది సదివితే సారు అక్కడే కూకుండిపోవాల.’

అలా చెప్పి, ఎదర కొట్లో శాలువా, దండ కొనుక్కుని, నా ముక్కని ఫోన్లో ఫొటో తీసుకుని ఎల్లిపోతాడు. వంద సంవత్సరాలకు పైబడి జరుగుతున్నది ఇదే. ఆ గేయం రాసింది 1910లో. అందులో ఒక్క చరణం అరిగి చిల్లులు పడింది. మిగతావి మడత విప్పకుండా గోదాములో ఉన్నాయి. మొదటి చరణానికైతే మనిషి చెయ్యి తగిలిన గుర్తే లేదు.

పోటీ కంపెనీ కూడా ఉంది నాకు. దాని యజమాని పేరు గిరీశం. అతను పుట్టిన గురజాడ నాటకం ‘కన్యాశుల్కం’ 1892లో మా ఊళ్లోనే మొదటిసారి ఆడారు. 1909లో గురజాడ దాన్ని తిరగరాసి, పెంచి, అచ్చు వేయించాడు. గిరీశం లెక్చర్లు ఎలా ఉంటాయో చెప్పక్కర్లేదు కదా. నోట్లో వితంతూద్ధరణ, కన్ను వితంతువు బుచ్చమ్మ మీద. చేతికింద వెంకటేశం ఒకడు, పెద్దయ్యాక ఇదే పని చేయడానికి తర్ఫీదు పొందుతూ. ఉపన్యాసకుణ్ణి గురజాడ అంత దగ్గరగా చూసినవాడు తెలుగులో మరొకడు లేడు. గిరీశాన్ని పెంచి పెద్దచేసిన మరుసటేడే ‘దేశభక్తి’ గేయం రాశాడు. ఎవరి నోరు కట్టించడానికి రాశాడో నాకు అనుమానం లేదు. చివరికి ఆ నోటికే చిక్కింది.

డిపాజిట్ సంగతి చెప్పాలి. వాక్యం అద్దెకి తీసుకున్నవాడు మనుషులకి చేసిన పని ఒకటి తెచ్చి కౌంటర్లో చూపిస్తే డబ్బు వెనక్కి ఇస్తాం. ఫొటో చెల్లదు, శిలాఫలకం అసలే చెల్లదు. భోగాపురం విమానాశ్రయానికి 2019 ఫిబ్రవరి 14న చంద్రబాబు గారు ఒక రాయి వేశారు, 2023 మే 3న జగన్ గారు ఇంకో రాయి వేశారు. విమానాశ్రయం ఒకటి, రాళ్లు రెండు. ఇలాంటి కేసుల్లో డిపాజిట్ ఎవరికివ్వాలో మా గుమాస్తా తేల్చుకోలేకపోతున్నాడు. విమానాలు దిగాక ఇద్దరూ రసీదులు పట్టుకుని వస్తారు, నాకు తెలుసు. మరడపాలెం, ముడసర్లపేట, బొల్లింకలపాలెం, రెల్లిపేట, ఈ నాలుగూళ్ల మనుషులు దానికోసం ఇళ్లు ఒగ్గేసి లేచిపోయారు కదా, వాళ్ల దగ్గర మాత్రం రసీదు ఉండదు. సభకి వాళ్లు కట్టింది ఊరు.

అనుబంధ సరుకు కింద యాస పెట్టాం. బెజవాడ అవతలి నుంచి వచ్చే నాయకులకి ఇది బాగా పోతుంది. ‘ఏటి, ఎలగున్నారు?’ అని మైకులో అని, చప్పట్ల కోసం ఆగుతారు. మావాళ్లు మొహమాటానికి కొడతారు. ఆ తర్వాత గంటన్నర పత్రికల తెలుగు. శ్రీకాకుళం గడ్డ మీద పుట్టిన గిడుగు రామమూర్తి గారు సవర గిరిజనులతో మాట్లాడాలనుకున్నప్పుడు రెండు మాటలు అద్దెకి తెచ్చుకోలేదు. ఏళ్ల తరబడి వాళ్ల దగ్గర కూచుని భాష నేర్చుకున్నారు, దానికి వ్యాకరణం రాశారు, నిఘంటువు కట్టారు, వాళ్ల పిల్లలకి వాళ్ల మాటలోనే చదువు చెప్పించాలని చూశారు. ఆ సరుకు మా కంపెనీలో లేదు. అడిగినవాళ్లూ లేరు.

ఇక టైము. అద్దె సభ లెక్కనే అయినా ఇది ముఖ్యం. ఆ బడ్జెట్ ప్రసంగం గంటా పదిహేడు నిమిషాలు, ఆవిడ పాత రికార్డులతో పోలిస్తే పొట్టిదే. మా సభల్లో వేదిక మీదున్నవాళ్ల పేర్లు చదవడానికే అంత పడుతుంది. సారు రావడం మూడు గంటలు ఆలస్యం. కూలి మానుకుని బస్సెక్కి వచ్చిన ఆడవాళ్లు ఎండలో ఆ మూడు గంటలూ కూచుంటారు. ఆ నిరీక్షణకి అద్దె ఎవరి ఖాతాలో రాయాలో మా పుస్తకంలో గడి లేదు.

వాక్యం ఎప్పుడూ అద్దెకి అడగని ఖాతాదారు కూడా ఒకరున్నారు. ఆ గేయంలో ఉన్న మనుషులు.

వాళ్లకి మైకు ఇచ్చే సభ ప్రభుత్వం దగ్గర ఒకటుంది, దాన్ని ప్రజాభిప్రాయ సేకరణ అంటారు. ఉపన్యాస కళ నేర్పే పుస్తకాలు మూడు సూత్రాలు చెబుతాయి: ఎదుటివాళ్లెవరో తెలుసుకో, సమయం పాటించు, నిజం చెప్పు. ఆ సభలో ఈ మూడూ పాటించేది ఏ పుస్తకమూ చదవనివాళ్లే. కలెక్టరు గారు వేదిక మీద, కంపెనీవాళ్లు తెర మీద బొమ్మలతో, పోలీసులు చుట్టూ. మైకు ఇటు తిరిగేసరికి చేపలు పట్టేవాడొకడు లేస్తాడు. చెయ్యి వణుకుతుంది. అర నిమిషంలో చెప్పేస్తాడు: ‘మాకొద్దు బాబూ. నీల్లు పోతే మేం ఏటి తినాల?’ అంతే, కూచుంటాడు. మా జిల్లాలో నేను విన్న ఉపన్యాసాల్లో అంత పొందికైనవి వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు.

2009లో సోంపేటలో అలాంటి సభే పెట్టారు. బీల అనే చిత్తడి భూముల్లో థర్మల్ ప్లాంటు వద్దని జనం చెప్పారు. అనుమతి వచ్చేసింది. 2010 జూలై 14న జనం అడ్డం నిలబడితే పోలీసులు కాల్చారు, ప్రాణాలు పోయాయి. ఆ వెంటనే పర్యావరణ అప్పీళ్ల అథారిటీ అనుమతి రద్దు చేసింది. అంటే జనం మైకులో చెప్పినదే నిజమని తేలింది, శవాలు లేచాక. ఏడు నెలలు తిరిగేసరికి, 2011 ఫిబ్రవరి 28న, ఇలాంటి ప్లాంటు గొడవలోనే కాకరాపల్లిలో మళ్లీ కాల్పులు.

నా కంపెనీ బోర్డు ఇక్కడ దింపేస్తున్నాను. నవ్వు రావడం లేదు.

ఎందుకంటే ఆ బడ్జెట్ ప్రసంగాన్ని మొదటి పేజీతో ఆపకుండా చివరిదాకా విన్నాను. మా గురజాడని చదివిన ఆ నోటితోనే, అదే ప్రసంగంలో, 2047 నాటికి వంద గిగావాట్ల అణు విద్యుత్తు అన్నారు. ప్రైవేటు కంపెనీల భాగస్వామ్యం కోసం అణు నష్టపరిహార చట్టాన్ని సవరిస్తామన్నారు. ఆ చట్టం ఏమిటో కొవ్వాడలో అడగండి. రణస్థలం మండలంలో సముద్రం ఒడ్డున ఆరు అమెరికా రియాక్టర్లకి గుర్తు పెట్టి, ఏళ్లుగా మనుషుల్ని అటూ ఇటూ కాకుండా నిలబెట్టిన ఊరది. సోంపేటలో తూటాలు పేలిన నెలా పదిహేను రోజులకే, 2010 ఆగస్టులో, భోపాల్ గుర్తున్న పార్లమెంటు ఆ చట్టం చేసింది. పాడు సరుకు అమ్మి ప్రమాదం తెస్తే, అమ్మినవాడిని కూడా పట్టుకునే వీలు అందులో పెట్టింది. అమెరికా కంపెనీలకి గొంతులో ముల్లైంది అదే. సవరిస్తామన్నది ఏ ముక్కనో ఊహించుకోవడానికి పెద్ద చదువులు అక్కర్లేకపోయింది. ఆ చట్టం మొత్తం మనుషుల గురించి. మనిషి ప్రాణానికి ఎవరు పూచీ అని అడిగిన చట్టం.

మా జిల్లాలకి వచ్చిన ప్రతి జీవో ఎకరాలతోనే మొదలవుతుంది. ఎన్ని ఎకరాలు, ఏ సర్వే నంబరు, పట్టానా, డి-పట్టానా. వాళ్లకి మా దగ్గర కావలసింది ఎప్పుడూ మట్టే. మనుషులు ఆ మట్టి మీద అడ్డంగా ఉన్న సరుకు, ఖాళీ చేయించాల్సినవాళ్లు. ఖాళీ అయినవాళ్లు చెన్నై పనుల్లోనో, గుజరాత్ వేరావల్ రేవులోనో తేలతారు. మా ఉద్దానంలో ఉండిపోయినవాళ్లు కిడ్నీలు పాడై డయాలసిస్ బల్ల మీద తేలతారు. ఇన్ని చేసి, సభలో లేచి గురజాడ పాదం చదవడానికి సిగ్గుండాలి. అది ఆయన్ని గౌరవించడం కాదు. దొంగసొత్తు మీద ఇంటిపేరు చెక్కించుకోవడం.

చదవద్దని నేను అనను. ఆ పూచీ మాట సభలో లేచిన రోజున చదవండి. కొవ్వాడ మనుషుల్ని తీసుకెళ్లి పైన గ్యాలరీలో కూచోబెట్టి, వాళ్ల మొహాల్లోకి చూస్తూ, మొదటి చరణం నుంచి చదవండి.