బేస్‌మెంట్ తొట్టి ఆత్మకథ

బెంగళూరు హెచ్‌ఎస్‌ఆర్ లేఅవుట్‌లో, అగర చెరువుకు దగ్గర్లో, ఒక ఇంటి బేస్‌మెంట్‌లో ఉంటుంది ఈ స్నానాల తొట్టి. చెప్పుకునేది సొంత కథే అయినా ‘నేను’ అనడం దానికి నచ్చదు. ఇన్ని చేతులు పడితే తయారైన ఒంటికి అంత గొప్ప ఎందుకని!

పొడవు 4 అడుగులు, వెడల్పు రెండున్నర. పక్కనే షవర్. ఇల్లుగలాయనది అనంతపురం, కట్టిన మేస్త్రిది మదనపల్లె. కొలతలు తీస్తూనే మేస్త్రి అన్నాడు: “నీళ్లు తెచ్చేది పెద్ద పని కాదు సార్. బయటికి ఎట్ల పంపేదో ముందు చూడండి.”

నిజమే. బేస్‌మెంట్ నేల వీధి డ్రైనేజీ కంటే పల్లం. అందుకే వాడిన నీళ్లు ముందు చిన్న సంప్‌లోకి దిగుతాయి. అక్కడినుంచి మోటారు పైకి తోస్తుంది. ఆ పైపుకి వెనక్కి రానివ్వని వాల్వు ఒకటి పెట్టారు. 2022 సెప్టెంబరు వానలకు సర్జాపూర్ రోడ్డు, బెళ్లందూరు వైపు బేస్‌మెంట్లు మునగడం చూసినవాళ్లకు ఆ వాల్వు ఎందుకో చెప్పక్కర్లేదు.

టైల్స్ నీళ్లను ఆపుతాయని చాలామంది అనుకుంటారు. ఈ తొట్టికి నవ్వొస్తుంది. గుజరాత్‌లోని మోర్బీ నుంచి వచ్చిన ఆ నీలం పలకలు సోకుకే. నీళ్లను ఆపేది వాటి వెనకున్న పూత: సాలిడ్ బ్లాకుల గోడ, దానిమీద ప్లాస్టరింగ్, మూలలు గుండ్రంగా తిప్పి, మధ్యలో ఫైబర్ జాలీ పరిచి రెండు పూతల వాటర్‌ప్రూఫింగ్. మొహెంజొదారోలో నాలుగు వేల ఏళ్ల కిందటి మహాస్నానవాటిక కట్టినవాళ్లకూ ఈ సంగతి తెలుసు. 12 మీటర్ల పొడవు, 7 మీటర్ల వెడల్పున్న ఆ కోనేటికి ఇటుకల వెనక తారులాంటి పదార్థం పూశారు. వంశమంటే అదీ!

టైల్స్ వేయకముందే నీళ్లు నింపి, సుద్దముక్కతో గీత గీసి, పక్కన ఒక బకెట్‌లోనూ నీళ్లు పోసి గుర్తు పెట్టారు. బకెట్‌లో తగ్గినంతే ఇక్కడా తగ్గితే అది ఆవిరి. ఇక్కడ ఎక్కువ తగ్గింది. డ్రెయిన్ పైపు చుట్టూ మేస్త్రి చూపుడువేలితో తడిమి, వెంట్రుకంత సందు పట్టుకున్నాడు. కొట్టి మళ్లీ పూశాడు.

ఇక అసలు ఇబ్బంది నీళ్లే. నిండితే 500 లీటర్లు. మనిషికి రోజుకు 135 లీటర్ల లెక్కన దాదాపు నలుగురి వాడకం అది. కావేరి నీళ్లు వంద కిలోమీటర్ల అవతలినుంచి ఎక్కి రావాలి. 2024 మార్చిలో ఈ ఊళ్లో తాగునీటితో కారు కడిగితే 5,000 రూపాయల జరిమానా వేశారు. వేడి చేయడానికి పది యూనిట్ల కరెంటు దాటుతుంది. అందుకే మేడ మీది సోలార్ హీటరుకు కలిపారు.

కాబట్టి తొట్టి నిండేది పండగ తలంటు రోజుల్లోనే. ఆ నీళ్లూ వృథా కావు, టాయిలెట్ ఫ్లష్‌కు పోతాయి. మిగతా రోజుల్లో షవర్‌దే రాజ్యం.

కట్టించుకోబోయేవారికి ఈ తొట్టి విన్నపం ఒక్కటే: మూడు రోజులు నీళ్లు నిలబెట్టి చూశాకే టైల్స్ పెట్టె విప్పనివ్వండి.