అంకుల్ కాకూడదని

నవ్వనని మాటిస్తే ఓ నిజం చెబుతాను. 6.7 అంగుళాల ఫోను సినిమాల కోసం కొన్నానని ఇంట్లో చెప్పాను. అసలు కారణం చత్వారం. కళ్ళజోడు పెడితే పెద్దవాణ్నైపోయానంటారు, పెద్ద ఫోను పట్టుకుంటే పెద్దమనిషినంటారు. ఈ రెంటి మధ్య తేడా కోసం వాయిదాలు కడుతున్నాను.

మీరు మాత్రం తక్కువా? షాపులో మూడు ఫోన్లు వరసగా పెడితే చెయ్యి పెద్దదాని మీదికే పోతుంది. 2011లో శామ్‌సంగ్ 5.3 అంగుళాల గెలాక్సీ నోట్ తెచ్చినప్పుడు, పలకతో మాట్లాడుతున్నారని జనాన్ని వెక్కిరించిన వాళ్ళలో నేను ముందు వరస. ఇప్పుడా పలక నా ఫోను పక్కన పిల్లది.

ఇంటికి రాగానే దర్జాగా 'మాయాబజార్' పెట్టాను. 1957 నాటి సినిమా కదా, బొమ్మ దాదాపు చదరంగా ఉంటుంది. నా ఫోనేమో సన్నగా, పొడుగ్గా ఉంది. ఘటోత్కచుడంతటి వాడు నడుమ ఇరుక్కున్నాడు, అటో నల్లగోడ, ఇటో నల్లగోడ. మా ఆవిడ మాట్లాడకుండా తన పాత అయిదున్నర అంగుళాల ఫోనులో అదే సీను పెట్టి పక్కన ఉంచింది. ఇద్దరు ఘటోత్కచులూ ఒకటే సైజు! నమ్మలేక మా అబ్బాయి స్కేలు తెచ్చి కొలిచాను. తెర పొడుగు మూడు సెంటీమీటర్లకు పైగా పెరిగింది, వెడల్పులో మాత్రం రెండు మిల్లీమీటర్ల తేడా కూడా లేదు. అంగుళాలు మూల నుంచి మూలకు లెక్కేస్తారు కాబట్టి, ఫోను నిలువునా సాగినా మనకు పెరిగినట్టే చెబుతారు. 1974లో వచ్చిన కృష్ణ సినిమా 'అల్లూరి సీతారామరాజు' తెలుగులో మొదటి సినిమాస్కోప్, అంటే బొమ్మ బాగా వెడల్పు. అది మాత్రం నా పరువు నిలిపి అంచుల దాకా పరుచుకుంది. ఆనాటి నుంచి ఇంటికెవరొచ్చినా కృష్ణగారే గతి.

అన్యాయంగా తిట్టకూడదు, ఛార్జింగు రాత్రిదాకా నిలుస్తుంది, కరెంటు బిల్లు కళ్ళు చికిలించకుండా చదవగలను. పడుకుని చూస్తూ కునుకు తీస్తే మాత్రం రెండొందల గ్రాముల పైబడిన బరువు సరిగ్గా ముక్కు మీద దిగుతుంది.

కానీ అసలు దెబ్బ అక్షరాలతో తగిలింది. వాటి సైజు ఆఖరికంటా పెంచేశాను. ఓ సాయంత్రం అమీర్‌పేటలో మెట్రో ఎక్కాను, ఊపిరాడని జనం, ఓ చేత్తో పైన పిడి, ఓ చేత్తో ఫోను, టింగుమని మెసేజి, నొక్కాను, తెరంతా పరుచుకుంది, మూద్దామంటే బొటనవేలు పై మూలకు అందదు, పిడి వదిలితే ఎవరి మీద పడతానో తెలీదు, పక్కనున్న కాలేజీ కుర్రాడు చదివేశాడు, వాడి వెనకాయన మెడ సాచి మరీ చదివాడు: "పెరుగు తెండి. మీ జుట్టురంగు కూడా అయిపోయింది."

కుర్రాడు మంచివాడు. "అంకుల్, స్టేషన్ దిగగానే సూపర్ మార్కెట్ ఉంది, రెండూ దొరుకుతాయి" అన్నాడు.

ఆ రెండో వస్తువు సంగతి వాడు గొంతు తగ్గించి చెప్పుంటే బాగుండేది. పెట్టె పెట్టంతా నా నెత్తి వంకే చూసింది.

మర్నాడే కళ్ళజోడు చేయించుకున్నాను. మొన్న మా బావమరిది ఫోన్ చేసి, "బావా, ఏ ఫోను కొనమంటావ్?" అన్నాడు. వాడికీ నలభై అయిదు దాటాయి. క్షణం కూడా ఆలోచించకుండా, "పెద్దదే కొనరా" అన్నాను.