అట్టకు ఇవతలి వైపు

పుట్టుకతో నేను మూడు పరీక్ష అట్టలను. ఎడమ రెక్క అక్క పదో తరగతి పరీక్షలు రాసిన అట్ట; దాని మూలన హాల్ టికెట్ నంబరు, పక్కన బాల్ పెన్నుతో దిద్దిన ‘శ్రీరామ’ ఇంకా చెదరలేదు. నడిమి రెక్క మీద వాళ్ళ తమ్ముడు ఎంసెట్ రాశాడు. ఇప్పుడు ఆ పరీక్షకి పేరు కూడా మారిపోయింది. కుడి రెక్క ఎవరిదో ఎవరికీ తెలీదు. తుప్పు పట్టిన క్లిప్పుతో అలమర అడుగున దొరికింది. నిజాంపేటలోని ఆ మూడో అంతస్తు ఫ్లాటులో, సంక్రాంతి సెలవుల్లో ఒక మధ్యాహ్నం, అక్క ఆ మూడింటినీ డైనింగ్ టేబుల్ మీద పరిచి వెనకనుంచి గోధుమరంగు టేపు వేసింది. నిలబెడితే తెరనయ్యాను.

“ఇదేం పనమ్మా?” అన్నారు అత్తగారు, గోంగూర ఒలుస్తూ.

“ఆటకత్తయ్యా. ఇటువైపు నేను రాసుకున్నది వాళ్ళకి కనబడకూడదు.”

నాకు కొత్త పనేం కాదు. పరీక్ష హాల్లో పక్కవాడు తొంగిచూస్తే మమ్మల్ని అలాగే ఏటవాలుగా ఎత్తిపట్టేవాళ్ళు.

ఆట పేరు డంజన్స్ అండ్ డ్రాగన్స్. దీనికి బోర్డు ఉండి తీరాలని లేదు, గెలుపోటముల లెక్కా లేదు. ఒకరు కథ నడుపుతారు, వాళ్ళని డీఎం అంటారు. మిగతావాళ్ళు తలా ఒక పాత్ర. ఫలానా తలుపు తోస్తాను, ఫలానావాణ్ణి బతిమాలుకుంటాను అని నోటితో చెప్తారు. అవుతుందో కాదో సందేహం వచ్చిన చోట ఇరవై ముఖాల పాచిక వేసి, పడ్డ అంకెకి తమ పాత్ర నేర్పును కలుపుతారు. సులువైన పనికి 10 రావాలి, ఓ మాదిరి పనికి 15, కష్టమైనదానికి 20. ఆ మూడంకెలూ నా నడిమి రెక్క లోపలివైపు ఎర్ర ఇంకుతో ఉన్నాయి. వాటి కింద తేళ్ళ విషం, గుడ్డితనం, కిందపడితే ఎంత దెబ్బ, అన్నీ జిరాక్స్ తీసి అంటించారు. బయటివైపు మాత్రం కింది ఫ్లాటు అమ్మాయి ఒక డ్రాగన్ బొమ్మ వేసింది. అది ఉడుములా ఉందని తమ్ముడు అన్నందుకు వాడితో రెండు వారాలు మాట్లాడలేదు.

మాది చిన్న వంశమేం కాదు. విస్కాన్సిన్‌లోని లేక్ జెనీవా అనే ఊరి గ్యారీ గైగాక్స్, మినెసోటావాడైన డేవ్ ఆర్నెసన్ కలిసి ఈ ఆటను తయారుచేస్తే, 1974లో అది మూడు చిన్న పుస్తకాలుగా, ఒక పెట్టెలో వచ్చింది. మొదటి విడత వెయ్యి పెట్టెలు. గైగాక్స్ అంతకుముందు బీమా కంపెనీలో పనిచేసినాయన. ఏ గొయ్యిలో పడితే ఎంత నష్టం, ఏ విషానికి ఎన్ని ప్రాణాలు అని పట్టికల మీద పట్టికలు వేసే బుద్ధి ఆయనకి ఎక్కడబ్బిందో నేను వేరే చెప్పక్కర్లేదు. ఆయన ఫైళ్ళ బీరువా సొరుగులు బయటికి లాగి, వాటి వెనక కూర్చుని ఆడించేవాడని, ఆటగాళ్ళకి గొంతు మాత్రమే వినబడేదని తొలిరోజుల్లో ఆయనతో ఆడినవాళ్ళు చెప్తారు. అట్టతో చేసిన తెరను జడ్జెస్ గిల్డ్ అనే ఇల్లినాయ్ కంపెనీ 1977లో అమ్మకానికి పెట్టింది, గైగాక్స్ కంపెనీ తన సొంత తెరను 1979లో తెచ్చింది. అంటే మా ముత్తాతలు ఇనప సొరుగులు. తుప్పు క్లిప్పున్న నా కుడి రెక్క ఈ మాట విన్నప్పుడల్లా పొంగిపోతుంది.

అక్క ఎంచుకున్న కథ 2014లో వచ్చిన స్టార్టర్ సెట్‌లోది, ఫాండెల్వర్ గనుల కథ. తమ్ముడు సిపాయి. వాళ్ళ ఆఫీసు కుర్రాడొకడు పొట్టి జాతి దొంగ. అక్క భర్త, అంటే తమ్ముడికి బావ, మరుగుజ్జు జాతి పూజారి. ఇంటర్ రెండో ఏడు చదువుతున్న కింది ఫ్లాటు అమ్మాయి మాంత్రికురాలు. బండి తోలుకుంటూ ఫాండాలిన్ అనే ఊరికి పోతుంటే దారికి అడ్డంగా చచ్చిన గుర్రాలు కనబడతాయి, పొదల్లోంచి గాబ్లిన్లు దూకుతాయి. ప్రపంచంలో ఎన్ని ఇళ్ళలో ఈ ఆట ఆ గుర్రాల దగ్గర మొదలైందో!

ఆ మొదటి పోట్లాటలోనే నాకు నా అసలు ఉద్యోగం తెలిసింది. గాబ్లిన్ బాణం వేసింది. అక్క నా వెనకాల పాచిక వేసింది. ఇరవై పడింది. ఇరవై పడితే దెబ్బ పాచికలు రెట్టింపు. మొత్తం పదకొండు. మాంత్రికురాలికున్న ప్రాణాలు ఎనిమిది. అమ్మాయి అప్పటికి తన పాత్రకి జడ ఎంత పొడుగో కూడా రాసుకుని వచ్చి, కుర్చీ అంచున కూర్చుని ఉంది. అక్క ఒక్క క్షణం పాచిక వంక చూసి, “బాణం చెవి పక్కనుంచి దూసుకుపోయింది” అంది.

టేబుల్ చుట్టూ ఊపిరి పీల్చుకున్నారు. నిజం నాకూ అక్కకూ తెలుసు. గర్వంగానే అనిపించింది, ఒప్పుకుంటాను. చేతిలో గుట్టున్న అట్టకి ఆ మాత్రం టెక్కు ఉంటుంది.

తర్వాత నెలల సంగతి చెప్పాలంటే రాక్షసులకంటే పెద్ద శత్రువు క్యాలెండరు. మార్చిలో అమ్మాయికి పరీక్షలు. తర్వాత ఐపీఎల్. ఆఫీసు కుర్రాడికి రాత్రి షిఫ్టు. శ్రావణంలో పెళ్ళిళ్ళు. శనివారం సాయంత్రం ఆట అని వాట్సాప్‌లో ముందు అందరూ బొటనవేలు పెట్టేవాళ్ళు, శుక్రవారం రాత్రికి ఒక్కో వేలూ ముడుచుకునేది. నేను ఫ్రిజ్ మీద, పెళ్ళి శుభలేఖల కింద పడుకుని ఉండేదాన్ని. ఆడిన రోజుల్లో మాత్రం రాత్రి పదకొండైనా లేచేవాళ్ళు కాదు. ఒక సాయంత్రం పూర్తిగా బావగారి బేరానికే సరిపోయింది. గాయాలు మాన్పే మందుసీసా పుస్తకంలో 50 బంగారు నాణేలు. ఆయన 35కి అడిగాడు. అక్క దుకాణదారు గొంతుతో కాదంది. ఈయన పక్క దుకాణానికి వెళ్తున్నట్టు నటించాడు. మూడు సీసాలు తీసుకుంటాను, సంచి ఊరికే ఇవ్వమన్నాడు. చివరికి 42 దగ్గర తెగింది. ఆ దుకాణదారు గురించి పుస్తకంలో ఉన్నది కొద్దిపాటి సమాచారం. మావాళ్ళకి మాత్రం అతని కూతురి పెళ్ళి ఎప్పుడో కూడా తెలుసు.

డ్రూప్ సంగతీ అంతే. దుండగుల స్థావరంలో, పెద్ద రాక్షసుల చేతిలో తన్నులు తింటూ బతికే పిరికి గాబ్లిన్ వాడు. కథ రాసినవాళ్ళు వాడికి ఇచ్చిన చోటు కొంచెం. అమ్మాయి వాడికి రొట్టెముక్క పెట్టింది. తమ్ముడు ‘డూపు’ అని పేరు మార్చాడు. అప్పట్నుంచి డూపు బండి వెనకాల కూర్చుని వాళ్ళ మూటలు మోస్తూ తిరిగాడు. అక్క రాత్రిళ్ళు కూర్చుని రాసుకున్న మూడు పేజీల కుట్ర నా క్లిప్పుకే వేలాడుతూ ఉండిపోయింది. దాని జోలికి ఎవరూ రాలేదు. క్లిప్పులో కాగితం పెట్టేటప్పుడు ఉండే ఆశ, తీసేటప్పుడు ఉండే నవ్వు, ఆ రెండూ నాకు తెలిసినట్టు ఇంకెవరికీ తెలీవు.

మధ్యలో వానలప్పుడు ఒక రాత్రి నన్ను అసలు దించలేదు. జేసన్ మార్నింగ్‌స్టార్ 2009లో తెచ్చిన ఫియాస్కో అనే ఆట ఆడారు. దానికి డీఎం ఉండరు. తలా నాలుగు మామూలు పాచికలు, ఆశలు పెద్దవి, తెలివి చిన్నది అయిన మనుషులు, రెండో సగానికల్లా తగలబడిపోయే పథకం. మావాళ్ళు దాన్ని ఒక కల్యాణమండపంలో పెట్టుకున్నారు. పోయిన వడ్డాణం చుట్టూ కథ. ఫ్రిజ్ మీదనుంచి విన్నాను. నేను లేకుండా అంత నవ్వగలరని అనుకోలేదు.

అత్తగారు మొదట్లో లోపలి గదిలోనే ఉండేవారు. దసరా నాటికి టీవీ పాడైంది. హాల్లోకి వస్తే ఖాళీ కుర్చీ ఒక్కటే, అదీ నాకు ఇవతల, కోడలి పక్కన. కూర్చుని పాచికలన్నీ ఒక్కొక్కటే చేతిలోకి తీసుకుని చూశారు. నాలుగు ముఖాలదాన్ని “పల్లేరుకాయ” అన్నారు. నిజమే, కింద పడితే అరికాలికి దొరికేది అదే. ఆవిడ అష్టాచెమ్మా ఆడి పెరిగిన మనిషి. గవ్వలు అందరి ముందూ వేయాలి, ఎంత పడితే అంతే, పడ్డదాన్ని కాదనడం లేదు.

ఆ రాత్రి థండర్‌ట్రీ అనే పాడుబడ్డ ఊళ్ళో పచ్చ డ్రాగన్ ఎదురైంది. ఇది విషం ఊదుతుంది. ఊదితే పన్నెండు పాచికలు. ఇంట్లో ఉన్న ఆరు ముఖాల పాచికలు చాలక పిల్లల లూడో పెట్టెలోవి కూడా తెచ్చారు. అక్క రెండు చేతులా కలిపి నా వెనక కుమ్మరించింది. తమ్ముడు సగం తప్పించుకున్నాడు. పొట్టి దొంగ దూరంగా గోడ చాటున ఉన్నాడు. మరుగుజ్జు జాతికి విషం అంతగా అంటదు కాబట్టి బావగారికి పోయింది తక్కువే. అమ్మాయి మాత్రం తప్పించుకోలేకపోయింది.

“ఎంత, ఆంటీ?”

“ముప్పై,” అంది అక్క.

“నలభై ఏడు కదమ్మా,” అన్నారు అత్తగారు. “నేనూ కూడాను. ఈ మూల ఆరుంది చూడు, వదిలేశావు.”

ఎవరూ మాట్లాడలేదు. ఆవిడకి తెలియని నియమం ఒకటి ఉంది, నా ఎడమ రెక్క మీదే అంటించి ఉంది. ప్రాణాలు సున్నాకి వచ్చాక మిగిలిన దెబ్బ, ఆ పాత్ర పూర్తి ప్రాణాలంత ఉంటే, స్పృహ తప్పడం ఉండదు, అక్కడికక్కడే చావు. మాంత్రికురాలి ప్రాణాలు ఇరవై. ముప్పై అయితే పడిపోతుంది, బావగారి మందుసీసాతో లేస్తుంది. నలభై ఏడైతే లేవదు. అమ్మాయి ఈ నియమం చదివే ఉంది. వేళ్ళ మీద లెక్క పెట్టుకుంది.

“అయితే నేను పోయినట్టే.”

“అక్కా, ఇది ఎప్పట్నుంచి?” అన్నాడు తమ్ముడు. వాడు అడిగింది డ్రాగన్ గురించి కాదు.

ఇక్కడ నా మాట ఒకటి చెప్పుకోవాలి. పాచికను పక్కనబెట్టే హక్కు డీఎంకి ఉందని గైగాక్స్ తన 1979 పుస్తకంలోనే రాశాడు. ఇప్పటికీ దాని మీద ఆడేవాళ్ళలో రెండు పార్టీలు. నేను దాచడమే వృత్తిగా బతికినదాన్ని కాబట్టి నాకూ ఒక ఓటుంది. డ్రాగన్ ఏ గోపురంలో ఉంది, ఊళ్ళో ద్రోహి ఎవరు, ఇలాంటివి ఎంతకాలమైనా దాచుతాను, అవి ఇంకా జరగనివి. పడ్డ పాచిక జరిగిపోయింది. దాన్ని దాస్తే నా అవతల కూర్చున్నవాళ్ళు ఆడటం లేదు, వాళ్ళని ఎవరో ఆడిస్తున్నారు. ఆ గాబ్లిన్ బాణం నాటినుంచీ అమ్మాయి ఏ తలుపైనా వెనకాముందు చూడకుండా తోసెయ్యడం నేను గమనిస్తూనే ఉన్నాను. చావు రాదని ఆమెకెవరూ చెప్పలేదు, అయినా తెలిసిపోయింది.

అక్క “సరే, ముప్పైకే ఆపుదాం” అంటే ఆ పిల్ల ఒప్పుకోలేదు. “నలభై ఏడే రాయండి ఆంటీ, బామ్మగారు లెక్క కట్టారు కదా” అంది. కళ్ళు తుడుచుకుంది కూడా. జడ పొడుగు రాసుకున్న కాగితం మీద రబ్బరు రుద్దీ రుద్దీ పడ్డ చిల్లు ఒకటుంది. ఆ చిల్లు పక్కన పెద్దగా సున్నా పెట్టి, కాగితాన్ని పక్కకి నెట్టి, చెయ్యి చాపింది.

“డూపుని నాకివ్వండి.”

మిగతా పోరు మూటలు మోసే గాబ్లిన్‌గా ఆడింది. డ్రాగన్‌కి సగం దెబ్బ తగిలితే ఎగిరి పారిపోతుందని పుస్తకంలో ఉంది. అది పారిపోయేసరికి డూపు దాని తోక పట్టుకుని వేలాడుతున్నాడు. వదలమని నలుగురూ అరుస్తున్నారు. అప్పుడు వదలాలా వద్దా అని వేసిన పాచిక నా వెనక పడలేదు, పులిహోర గిన్నె పక్కన అందరి ముందూ పడింది. అంకె ఎంతో అత్తగారే చదివారు.

ఆ తర్వాత అక్క నా వెనకాల పాచిక వేయలేదు. ఒక రెక్క మడిచి పెట్టేది, ఎదురుగా ఉన్నవాళ్ళ ముఖాలు కనబడాలని. నాకు కాస్త చిన్నతనంగానే అనిపించింది. కానీ గనుల చివరికి చేరేసరికి, ఏడాదంతా అక్క చూపు నా మీద ఎక్కడెక్కడ పడిందో లెక్క తెలిసిపోయింది. గుడ్డితనం పట్టిక వైపు ఎప్పుడో ఒకసారి. కిందపడితే తగిలే దెబ్బల వైపు, బావగారు బావిలో పడ్డప్పుడు. రోజూ చూసింది కుడి రెక్క మూల పెన్సిల్‌తో రాసుకున్న పేర్ల జాబితా. గుర్రాలవాడు ఎదురైతే, వంతెన దగ్గర ముసలమ్మ కనబడితే, ఆటగాళ్ళు మొదట అడిగేది “నీ పేరేంటి?” అనే. అక్కడ తడుముకుంటే ఆ మనిషి అట్టబొమ్మ అయిపోతాడు. నేనే అంటున్నాను ఈ మాట.

మళ్ళీ సంక్రాంతి వచ్చింది. వచ్చే ఆట ఏమిటో తేల్చుకున్నారు: విన్సెంట్ బేకర్ 2010లో తెచ్చిన అపోకలిప్స్ వరల్డ్. లోకం కూలిపోయాక మిగిలినవాళ్ళ కథ. ఆరు ముఖాల పాచికలు రెండు; 10 గానీ ఆపైన గానీ పడితే పని అవుతుంది, 7 నుంచి 9 అయితే అవుతుంది గానీ ఏదో చెల్లించుకోవాలి, 6 గానీ అంతకు తక్కువ గానీ అయితే కథ నడిపేవాళ్ళ వంతు. కథ నడిపే మనిషి పాచిక పట్టుకోనే పట్టుకోరు. ఎదురైన ప్రతి మనిషికీ ఒక పేరు పెట్టమని మాత్రం పుస్తకం గట్టిగా చెప్తుంది. మావాళ్ళు దాన్ని ఎండిపోయిన హుస్సేన్ సాగర్‌లో పెట్టుకున్నారు, బుద్ధ విగ్రహం కాళ్ళ దగ్గర వెలసిన ఊరు.

నిన్న అక్క నా జిరాక్సులన్నీ పీకేసింది. జిగురు మరకలతో మూడు రెక్కలూ చలేస్తున్నట్టున్నాయి. కుడి క్లిప్పుకి తెల్లకాగితం ఒకటి పెట్టి, పక్కన కూర్చున్న అత్తగారిని పేర్లు చెప్పమంది.

“ఎండిన చెరువులో ఊరంటున్నావు, నీళ్ళేవి? ముందు బోరువేసేవాడు కావాలి. బోర్ల సాంబయ్య అని రాసుకో.”

రాసుకుంది.

“వాడి చెల్లెలు అంకమ్మ, బిందెకింత అని వసూలు చేస్తుంది. వీళ్ళ దగ్గర డబ్బు తీసుకుని ఎగ్గొట్టి తిరిగేవాడు ఇంకోడున్నాడు.”

“వాడి పేరేంటత్తయ్యా?”

“అదిప్పుడే చెప్పేస్తే ఎలాగమ్మా,” అన్నారావిడ, నా నడిమి రెక్కని కాస్త తన వైపుకి జరుపుకుంటూ.