సెగ్మెంటేషన్ ఫాల్టుకు సంజీవని వ్యాఖ్య

మూలం: సెగ్మెంటేషన్ ఫాల్ట్, కోర్ డంప్డ్.

అవతారిక. గచ్చిబౌలిలో ఓ హాస్టలు గది, రాత్రి పదకొండు దాటింది. తరగతి మార్కులు చదివి సగటు తేల్చే సి ప్రోగ్రాము 11:59 లోగా అప్‌లోడు కావాలి. నాయకుడు ఫస్టియరు విద్యార్థి. లాక్షణికులు చెప్పిన ధీరోదాత్తాది నాలుగు రకాల్లో ఇతడు దేనికీ చెందడు. ధీర అన్న మాట ముందుంటే గదా తక్కినది తగిలించడానికి! రసం భయానకం. ఆలంబన విభావం నల్లటి టెర్మినలు, ఉద్దీపన విభావం తెర మూలన గడియారం, అనుభావం గోళ్లు కొరకడం. ప్రోగ్రాము నడిపినప్పుడల్లా పై వాక్యమే దర్శనమిస్తోంది.

ప్రతిపదార్థం. సెగ్మెంటేషన్ అనగా మెమరీని ఖండాలుగా పంచడం. ఇప్పటి ప్రాసెసర్లలో కాపలా కాసేవి పేజీలే అయినా పాత పేరు పోలేదు. ఫాల్ట్ అనగా ప్రోగ్రాము తనది కాని చిరునామాలో చెయ్యి పెట్టింది, లైనక్స్ కెర్నెల్ దాన్ని అక్కడికక్కడే ఆపేసింది అని. కోర్ అనగా ఫెర్రైటు ఉంగరం. 1950లు, 60లలో కంప్యూటర్ల మెమరీని ఇలాంటి చిన్న ఉంగరాలు గుచ్చి అల్లేవారు. నాయకుడి ల్యాప్‌టాపులో ఒక్కటీ లేదు. డంప్డ్ అనగా ఆఖరి క్షణంలో ఉన్న మెమరీని ఫైలుగా పోశామని. ఉబుంటులో ఆ ఫైలు కోసం ఫోల్డరంతా వెతికినా చాలాసార్లు దొరకదు, మరో సర్వీసు పట్టుకుపోయి ఉంటుంది. ఇంతకీ తప్పు ఏ లైనులో జరిగిందో, ఎందుకు జరిగిందో నాలుగు పదాల్లో ఏదీ చెప్పదు. సూత్రం ఇంత పొట్టిదైతే వ్యాఖ్యాతలు పుట్టుకురాక మానరు.

వ్యాఖ్యానం ఈ నేలకు కొత్త కాదు. రఘువంశ, కుమారసంభవ, మేఘదూతాలకు సంజీవని, కిరాతార్జునీయానికి ఘంటాపథం రాసిన కోలాచలం మల్లినాథసూరిది మెదక్ జిల్లా కొల్చారం. హైటెక్ సిటీ నుంచి కారులో పూట ప్రయాణం కూడా కాదు. చెడ్డ వ్యాఖ్యల విషానికి మూర్ఛపోయిన కాళిదాసు వాక్కును లేపడానికే తన టీక అని ఆయన చెప్పుకున్నాడు. మూలంలో లేనిది రాయనని, అక్కర్లేనిది చెప్పనని నియమం కూడా పెట్టుకున్నాడు.

హాస్టల్లో ఆ నియమం చెల్లదు.

మొదటి వ్యాఖ్యాత పక్క మంచం వాడు. "రేయ్ మామా, అర్రేకి యాంపర్సండ్ పెట్టొద్దురా, పేరే అడ్రసు." ఇందులో సగం నిజం ఉంది, ప్రమాదమంతా అక్కడే. ఇన్‌పుట్ చదివే స్కాన్ఎఫ్‌కు కావలసింది విలువ కాదు, ఆ విలువను ఎక్కడ పెట్టాలో చెప్పే చిరునామా. విద్యార్థి పేరు లాంటి అక్షరాల వరుసను చదివేటప్పుడు అర్రే పేరే చిరునామాగా పనిచేస్తుంది. కానీ మార్క్స్ ఆఫ్ ఐ అన్నది అర్రే కాదు, అందులో ఒక గది. దాని ముందు చిరునామా ఇచ్చే యాంపర్సండ్ (&) లేకపోతే, ఆ గదిలో అప్పటికే పడి ఉన్న ఏదో చెత్త అంకెను చిరునామా అనుకుని స్కాన్ఎఫ్ అక్కడికి వెళ్తుంది. ప్రోగ్రాము మొదటిసారి నడపకముందే నాయకుడు ఈ స్నేహితుడి మాట విని ఉన్న యాంపర్సండ్ తీసేశాడు.

రెండో వ్యాఖ్యాత అమీర్‌పేటలో మైత్రీవనం దగ్గర టర్బో సి నేర్చుకుని, ఇప్పుడు మాదాపూర్‌లో ఉద్యోగం చేస్తున్న అన్నయ్య. "మా టైములో ఇట్లాంటివి నడిచేవి కదరా తమ్ముడూ" అన్నాడు ఫోన్లో. ఆయన అబద్ధమాడలేదు. బోర్లాండ్ కంపెనీ 1987లో తెచ్చిన ఆ నీలి తెర టర్బో సి డాస్ మీద నడిచేది, డాస్‌లో ఒకరి మెమరీకి కాపలా ఉండేది కాదు. తప్పు చిరునామాలో రాసినా ఎవరూ అడ్డుకోరు. ప్రోగ్రాము ఒక్కోసారి చక్కగా ముగిసేది, ఒక్కోసారి మొత్తం మిషనే బిగుసుకుపోయేది. పూర్ణాంకాలు దాచే ఇంట్ కూడా అప్పుడు పదహారు బిట్లే, 32767 దాటితే రుణసంఖ్య. అన్నయ్య వాట్సాప్‌లో పంపిన పాత ప్రోగ్రాము కొనియో హెడరు దగ్గరే ఆగిపోయింది. లైనక్స్‌లోని జీసీసీ కంపైలరుకు ఆ ఫైలు ఏమిటో తెలియదు.

విశేషాలు. డెన్నిస్ రిచీ బెల్ ల్యాబ్స్‌లో సి భాషను ప్రధానంగా మలిచింది 1972లో. కూకట్‌పల్లి జేఎన్‌టీయూ పుట్టిందీ ఆ ఏడాదే. ఆపరేటింగ్ సిస్టమ్ రాసేవాళ్ల కోసం పుట్టిన భాష గనుక ప్రోగ్రామరు మాటను నమ్మడం దాని స్వభావం. ఆ నమ్మకం ఫస్టియరు వాళ్లకూ వర్తిస్తుందని అప్పట్లో ఎవరూ ఊహించి ఉండరు.

ఇక నాయకుడి స్వీయ వ్యాఖ్య. ప్రోగ్రాము ఎంతదాకా వెళ్తోందో చూద్దామని లూపుకు ముందు 'వచ్చింది' అని ఒక ప్రింట్ఎఫ్ పెట్టాడు. నమూనా ఇన్‌పుట్ ఫైలుతో నడిపితే ఆ మాట తెర మీద పడలేదు. అయితే గొడవ అంతకు ముందే అనుకుని, ఏ దోషమూ లేని పై లైన్లను తిరగరాశాడు. నిజానికి ప్రోగ్రాము వచ్చింది. చివర కొత్త లైను గుర్తు లేకపోవడంతో ఆ మాట బఫరులోనే ఉండి, ప్రోగ్రాముతో పాటే పోయింది. బోర్డు మీద ఈ సంగతి రాసి చెప్పే లెక్చరరు అరుదు.

అన్వయం. పద్యంలో మాటలు అటూ ఇటూ ఉంటే వరుస కుదిర్చి చదివినట్టు, ఇక్కడ జీడీబీ అనే డీబగ్గరులో బీటీ అని కొట్టి, ప్రోగ్రాము ఎక్కడ ఆగిందో చెప్పే వరుసలు చదవాలి. పై రెండు వరుసలు లైబ్రరీ లోపలివి, చూడగానే గుండె జారుతుంది. వాటిని వదిలి కిందికి దిగితే మెయిన్ అన్న పేరు, పక్కనే లైను నంబరు. కంపైలు చేసేటప్పుడు మైనస్ జీ పెట్టి ఉంటేనే ఆ నంబరు కనిపిస్తుంది. ఆ లైను గురించి జీసీసీ మొదట్లోనే చెప్పింది కూడా: ఇంట్ చిరునామా రావలసిన చోట ఉత్త ఇంట్ వచ్చిందని. మూలంలో లేనిది ఒక్క ముక్క అనలేదు. నాయకుడు "వార్నింగే కదా" అని పైకి తోసేశాడు.

11:40కి క్లాసు వాట్సాప్ గ్రూపులో ఎవరిదో పూర్తి ప్రోగ్రాము తిరగసాగింది. పేర్లు మార్చి పంపేద్దామన్న ఆలోచన వచ్చింది. ఇది చౌర్యదోషం. పైగా అలెక్స్ ఐకెన్ 1994లో చేసిన, నకళ్లు పట్టే మాస్ అనే సాధనం వేరియబుల్ పేర్లను లెక్కలోకే తీసుకోదు, ప్రోగ్రాము కట్టడాన్ని పోలుస్తుంది. మొత్తాన్ని సమ్ అన్నా టోటల్ అన్నా దానికి ఒకటే.

11:50కి యాంపర్సండ్ మళ్లీ తన చోటికి చేరింది, సగటు సరిగ్గా వచ్చింది, ఫైలు అప్‌లోడయింది.

ప్రక్షిప్తం. తాళపత్రాలు పోల్చి చూసే పరిష్కర్తలు కవి రాయని పద్యాలను పట్టుకుంటారు. ఇక్కడ ఆ పని ఆటోగ్రేడరుది. సగటు మాత్రమే రావలసిన చోట దానికి ముందు 'వచ్చింది' అన్న మాట అతుక్కుని ఉంది. నాయకుడు ఆ ప్రింట్ఎఫ్ తీయడం మరిచాడు. యంత్రం అక్షరం అక్షరం పోల్చి టెస్టు కేసులన్నీ కొట్టేసింది. ఫలితం తెర మీదికి వచ్చేసరికి 12:02.